ఇంజన్ పాతదే, మరి అసలుదేనా?

యాభై ఏళ్లు దాటిన కారుకు ఇప్పుడు చట్టం కూడా గుర్తింపు ఇస్తోంది. అందుకు పరీక్ష బానెట్ కింద ఉంది. ఉక్కు, తుక్కు రెండూ పుష్కలంగా ఉన్న రాయ్‌పూర్‌లో ఆ పరీక్ష నెగ్గడం తేలిక కాదు.

పాత కారు అమ్మేవాళ్ల నోట మొదట వచ్చే మాట ఒకటే: 'అంతా ఒరిజినల్'. కొనేవాళ్లు బానెట్ ఎత్తి చూస్తారు. జిడ్డు పట్టి, నల్లబడి, వయసుకు తగ్గట్టే ఉంటుంది ఇంజన్. తాళం తిప్పితే పలుకుతుంది కూడా. చాలామంది అక్కడితో సంతృప్తి పడిపోతారు. కానీ ఆ ఇంజన్ ఆ కారుతోపాటే ఫ్యాక్టరీ గేటు దాటిందా, లేక మధ్యలో ఏ తుక్కు కొట్టులోంచో వచ్చి చేరిందా అన్న ప్రశ్నకు జిడ్డు జవాబు చెప్పదు.

ఒకప్పుడు ఇది పాత కార్ల సరదా ఉన్నవాళ్లు మాత్రమే పట్టించుకునే చర్చ. 2021 జూలై 15న కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వశాఖ మోటారు వాహనాల నిబంధనలను సవరించడంతో అది ప్రభుత్వ కార్యాలయం మెట్లెక్కింది. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటిన ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలను 'వింటేజ్' వాహనాలుగా గుర్తించవచ్చని ఆ సవరణ చెప్పింది. అయితే షరతు ఉంది. వాహనం మూలరూపంలోనే ఉండాలి. చాసిస్‌నో, బాడీనో, ఇంజన్‌నో మార్చేంత భారీ మరమ్మతు జరిగి ఉండకూడదు. రాష్ట్ర స్థాయి కమిటీ బండిని పరిశీలించి ఆ మాట తేల్చాలి.

కమిటీ ఒప్పుకుంటే 'వీఏ' అక్షరాలతో కొత్త నంబరు వస్తుంది, ఛత్తీస్‌గఢ్‌లో అయితే సీజీ వీఏ. ఇదివరకే రిజిస్టరయిన బండి తన పాత నంబరునే ఉంచుకోవచ్చు. 2021 నిబంధనల ప్రకారం కొత్త రిజిస్ట్రేషన్‌కు ఫీజు రూ. 20,000, పదేళ్ల తర్వాత మళ్లీ చేయించుకోవడానికి రూ. 5,000. ప్రదర్శనకో, ర్యాలీకో, పెట్రోలు పోయించుకోవడానికో, మరమ్మతుకో తప్ప రోజూ రోడ్డెక్కడానికి వీల్లేదు.

సరిగ్గా నెల తిరక్కుండానే, 2021 ఆగస్టు 13న, కేంద్రం పాత వాహనాల తుక్కు విధానాన్నీ ప్రారంభించింది. అంటే ఒకే వేసవి తర్వాత ముసలి కారు ముందు రెండు తలుపులు తెరుచుకున్నాయి. ఒకటి గౌరవానికి, ఇంకొకటి గుల్లకు. 1970ల తొలినాళ్లలో కొన్న అంబాసిడర్లు, ఫియట్‌లు ఇప్పటికే 50 ఏళ్ల గీత దాటేశాయి. అవి ఏ తలుపులోంచి వెళ్తాయన్నది కొంతవరకు ఇంజన్ బ్లాకు మీది నాలుగైదు అంకెల మీద ఆధారపడి ఉంది.

ఉక్కు నగరం చేసిన మాయ

రాయ్‌పూర్‌లో ఈ అంకెలు కలవడం ఎందుకు కష్టమో తెలియాలంటే ఆ ఊరి చుట్టుపక్కల చూడాలి. కూతవేటు దూరంలో భిలాయ్ ఉక్కు కర్మాగారం. అక్కడ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ 1959 ఫిబ్రవరి 4న మొదలయింది. ఆ తర్వాత ఉర్లా, సిల్‌తరా పారిశ్రామికవాడల్లో రోలింగ్ మిల్లులు, ఫర్నేస్‌లు వెలిశాయి. ఇనుముతో బతికే ఊళ్లో లేత్ పట్టగలిగినవాళ్లకు, వెల్డింగ్ తెలిసినవాళ్లకు కొదవ ఉండదు. ఏ ఇంజన్‌నైనా ఏ బండిలోనైనా కూర్చోబెట్టడానికి కావలసిన బ్రాకెట్ సాయంత్రానికల్లా తయారయ్యే చోటది. తీసేసిన ఇంజన్ మళ్లీ కంటపడని చోటు కూడా అదే. తూకానికి పోయిన పోత ఇనుము కొలిమిలో కరిగిపోతే దాని మీద నంబరు ఏమిటని అడిగే నాథుడు ఉండడు.

ఇంజన్లు మార్చడానికి బలమైన కారణమూ ఉంది. పెట్రోలు కంటే డీజిల్ ఎంతో చవగ్గా దొరికిన దశాబ్దాలవి. 2010 జూన్‌లో పెట్రోలు ధర మీద, 2014 అక్టోబర్‌లో డీజిల్ ధర మీద ప్రభుత్వం నియంత్రణ ఎత్తేసేదాకా ఈ తేడా కొనసాగింది. రైల్వేలోనో, భిలాయ్‌లోనో ఉద్యోగానికి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు సహా మధ్యతరగతివాళ్లకు, టాక్సీ యజమానులకు అంబాసిడర్ పెట్రోలు ఇంజన్ తీయించి మెటడార్ వ్యాను డీజిల్ ఇంజన్ వేయించుకోవడం లెక్కకు సరిపోయే పని. కారును బతికించింది ఆ మార్పే. అది మూలరూపం కాకుండా చేసిందీ ఆ మార్పే.

ఒక మాట, రెండు అర్థాలు

'ఒరిజినల్' అనే మాటను ఒకరు ఒక అర్థంలో వాడితే ఇంకొకరు ఇంకో అర్థంలో వాడతారు. గొడవంతా అక్కడే పుడుతుంది.

మొదటి అర్థం, సరైన రకం. ఆ మోడల్‌కు కంపెనీ ఆ కాలంలో ఏ ఇంజన్, ఏ గేర్‌బాక్స్ బిగించేదో అదే రకం ఇప్పుడూ ఉండటం. రెండో అర్థం, సరిగ్గా అదే వస్తువు. ఆ కారుతో పుట్టిన బ్లాకు, ఆ కారుతో పుట్టిన గేర్‌బాక్స్. అమెరికాలో దీన్నే 'మ్యాచింగ్ నంబర్స్' అంటారు. అక్కడ కొన్ని కంపెనీలు చాసిస్ నంబరులోని అంకెలనే ఇంజన్ మీద, గేర్‌బాక్స్ మీద కూడా కొట్టేవి. అందుకే మూడూ కలిస్తే ఒక ధర, కలవకపోతే మరో ధర. 

మన అంబాసిడర్‌ను ఉదాహరణగా తీసుకుంటే తేడా స్పష్టమవుతుంది. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 నమూనాతో 1950ల చివర్లో హిందుస్థాన్ మోటార్స్ దీన్ని పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో తయారు చేయడం మొదలుపెట్టింది. మొదట్లో సైడ్ వాల్వ్ ఇంజన్ ఉండేది. 1959 ప్రాంతంలో దాని స్థానంలో బీఎంసీ బీ-సిరీస్ 1489 సీసీ ఓవర్‌హెడ్ వాల్వ్ ఇంజన్ వచ్చింది. 1962లో మార్క్ 2, 1975లో మార్క్ 3, 1979లో మార్క్ 4 వచ్చాయి. మార్క్ 4తో కంపెనీయే డీజిల్ ఇంజన్‌నూ ఇచ్చింది. 1990ల తొలినాళ్లలో ఇసుజు 1817 సీసీ పెట్రోలు ఇంజన్, దాంతో అయిదు గేర్ల బాక్సు వచ్చాయి. వీటిని తయారు చేసింది అప్పట్లో రాయ్‌పూర్ కూడా భాగంగా ఉన్న మధ్యప్రదేశ్‌లోని పీథంపూర్‌లో.

కాబట్టి 1972 మార్క్ 2లో ఇసుజు ఇంజన్ కనబడితే వాదనే అక్కర్లేదు, అది రకంలోనే తేడా. ఇసుజుకు కామ్‌షాఫ్ట్ పైన సిలిండర్ హెడ్‌లో ఉంటుంది, బీ-సిరీస్‌కు కింద బ్లాకులో ఉంటుంది. బీ-సిరీస్‌లో కార్బ్యురేటర్, ఎగ్జాస్ట్ రెండూ ఒకే పక్కన ఉంటాయి, డిస్ట్రిబ్యూటర్ ఎదురు పక్కన ఉంటుంది. చూపు చాలు. చిక్కంతా బానెట్ కింద బీ-సిరీసే ఉన్నప్పుడు వస్తుంది. అదే 1489 సీసీ ఇంజన్ బ్రిటన్‌లో ఎంజీఏ స్పోర్ట్స్ కారుకు సైతం బిగించారు. రకం సరిపోవడం మొదటి మెట్టే. అదే వస్తువా అన్నది తేలాలంటే కాగితం తీయాలి.

ఆర్‌సీ బుక్కు చెప్పేది, చెప్పనిది

కాగితం అంటే ముందు ఆర్‌సీ బుక్కు. అందులో చాసిస్ నంబరు, ఇంజన్ నంబరు, ఇంధనం, సిలిండర్ల సంఖ్య, సీసీ, తయారైన నెల, ఏడాది ఉంటాయి. ఇంజన్ మార్చినప్పుడు రిజిస్ట్రేషన్ అధికారికి చెప్పి అందులో ఎక్కించుకోవాలన్నది మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ సారాంశం. చాలామంది ఎక్కించుకోలేదు. ఆర్‌సీలో 'పెట్రోలు, 1489' అని ఉండి, బానెట్ కింద డీజిల్ గడగడలాడుతుంటే ఎవరు ఏం చెప్పినా ఆ మార్పు చట్టం కంట పడలేదనే అర్థం. మార్పును ఎక్కించుకున్నవాళ్ల ఆర్‌సీ నిజాయితీగా ఉంటుంది. అయితే అందులో ఇప్పుడున్న నంబరు రెండో ఇంజన్‌ది. ఆర్‌సీ నంబరూ, బ్లాకు నంబరూ కలిశాయి కాబట్టి అసలు ఇంజనే అనుకోవడం తొందరపాటు. మొదటి ఆర్‌సీ, కొన్నప్పటి ఇన్‌వాయిస్, పాత ఇన్సూరెన్స్ కాగితం దొరికితే వాటితో పోల్చాలి.

రాయ్‌పూర్ బండ్లకు ఇందులో ఇంకో మెలిక ఉంది. 2000 నవంబర్ 1న ఛత్తీస్‌గఢ్ ఏర్పడేదాకా అవన్నీ మధ్యప్రదేశ్ రిజిస్ట్రేషన్లు. యాభై ఏళ్ల కారు కాగితాల మొదటి పేజీ ఒక రాష్ట్రంలో, చివరి పేజీ ఇంకో రాష్ట్రంలో ఉంటుంది. మధ్యలో ఏ బదిలీ కాగితం పోయినా ఇంజన్ కథలో ఒక ఖాళీ మిగులుతుంది.

విదేశాల్లో ఈ ఖాళీని కంపెనీల పాత లెడ్జర్లు పూరిస్తాయి. బ్రిటన్‌లోని గేడన్‌లో బ్రిటిష్ మోటార్ ఇండస్ట్రీ హెరిటేజ్ ట్రస్ట్ మోరిస్, ఆస్టిన్, ఎంజీ లాంటి కార్లు ఏ నంబరు ఇంజన్‌తో, ఏ రంగుతో ఫ్యాక్టరీ దాటాయో చూసి ధ్రువపత్రం ఇస్తుంది. జాగ్వార్ ధ్రువపత్రంలో అయితే గేర్‌బాక్స్ నంబరు కూడా ఉంటుంది. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న పసుపు రంగు రోల్స్‌రాయిస్‌ను ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్డరు చేశారు. ఆ కంపెనీ ప్రతి చాసిస్‌కూ రాసిపెట్టిన కార్డులు బ్రిటన్‌లో ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. నిజాం కారుకున్న సాక్ష్యం గుమాస్తా కొన్న అంబాసిడర్‌కు లేదు. ఉత్తర్‌పారా ఫ్యాక్టరీలో ఉత్పత్తి 2014 మేలో ఆగిపోయింది. బ్రాండ్ పేరు 2017లో రూ. 80 కోట్లకు ఫ్రాన్స్ కంపెనీ ప్యూజోకు వెళ్లింది. యజమాని బీరువాలో దాచుకున్న కాగితమే ఇక్కడ లెడ్జరు.

ఇనుము మీది రాత

కాగితం తర్వాత ఇనుమే మాట్లాడాలి. ఇంజన్ మీద కనబడే అంకెలన్నీ ఒకటి కావు. ఉబ్బెత్తుగా ఉండేది పోత నంబరు. అచ్చులోనే వచ్చేస్తుంది కాబట్టి అదే రకం బ్లాకులన్నిటి మీదా అదే ఉంటుంది. దాన్నే ఇంజన్ నంబరు అనుకుని మురిసిపోయేవాళ్లు తక్కువేం కాదు. లోపలికి దిగి ఉండేది పంచ్‌తో కొట్టిన నంబరు. ఒక్కో ఇంజన్‌కు ఒక్కొక్కటి ఉండేది ఇదే. కొన్ని కంపెనీలు దీన్ని రేకు పలక మీద కొట్టి రివెట్లతో బిగించేవి. పలక ఊడదీసి ఇంకో బ్లాకుకు బిగించడం ఎంతసేపు? అందుకే రివెట్లు పాతవా, కొత్తవా అన్నది కూడా చూడాలి.

కొన్ని ఇంజన్ల మీద పోత పోసిన తేదీ కూడా ఉంటుంది. అది దొరికితే సగం కేసు తేలినట్టే. లెక్క చాలా సులువు. ముందు పోత, తర్వాత కారు కూర్పు, ఆ తర్వాత రిజిస్ట్రేషన్. పోత తేదీ కారు కంటే కొన్ని వారాలో, నెలలో ముందుంటే నమ్మవచ్చు. కారు కంటే వెనకుంటే ఆ బ్లాకు తర్వాత వచ్చిందే, ఇంకో సాక్ష్యం అక్కర్లేదు. మరీ ఏళ్లకేళ్లు ముందుంటే అదీ అనుమానించాల్సిందే.

నంబరు చెరిపి మళ్లీ కొడితే? కంటికి కొంత చిక్కుతుంది. ఫ్యాక్టరీలో నంబరు కొట్టే చోటును యంత్రం మీద చదును చేస్తారు. ఆ యంత్రం గీతలు సన్నగా, ఒకే దిశలో ఉంటాయి. గ్రైండర్ పెట్టి అరగదీస్తే అవి పోయి వంకర గీతలు పడతాయి, ఆ చోటు చుట్టుపక్కల కంటే పల్లమవుతుంది. అంకెల ఆకారం, ఎడం, లోతు అదే ఏడాది నాటి ఇంకో కారుతో పోల్చి చూడాలి. పంచ్ దెబ్బ పైపైనే ఉండదు. కింద లోహం కూడా నొక్కుకుపోతుంది. పైన అరగదీసినా ఆ నొక్కు మిగులుతుంది. పోలీసు ఫోరెన్సిక్ నిపుణులు రసాయనం పూసి చెరిపేసిన నంబరును బయటికి రప్పించేది ఈ సూత్రంతోనే. ఆర్‌టీఓ ఆఫీసుల్లో చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ముద్ర తీయడం వాహన యజమానులకు తెలిసిందే. పాత దస్త్రంలో అలాంటి ముద్ర దొరికితే ఇప్పటి ముద్రను పక్కన పెట్టి పోల్చవచ్చు.

ఇక్కడ ఒక జాగ్రత్త. బోరు కొట్టించారనో, స్లీవ్‌లు వేశారనో, పిస్టన్లు, హెడ్ మార్చారనో ఇంజన్ అసలుది కాకుండా పోదు. యాభై ఏళ్లు తిరిగిన ఇంజన్‌కు అవి జరగకపోతేనే ఆశ్చర్యం. నంబరు ఉన్న బ్లాకు ఏదన్నదే ప్రశ్న.

సాక్షి లేని గేర్‌బాక్స్

ఇంజన్‌కు ఆర్‌సీలో ఒక గడి ఉంది. గేర్‌బాక్స్‌కు లేదు. 2021 సవరణలో కూడా చాసిస్, బాడీ, ఇంజన్ పేర్లున్నాయి, గేర్‌బాక్స్ పేరు లేదు. అందుకే దాన్ని ఎవరు మార్చినా కాగితానికి తెలియదు. చుట్టూ మిగిలిన గుర్తుల్ని బట్టే తేల్చాలి.

పాత అంబాసిడర్‌లో నాలుగు గేర్లు, కడ్డీ స్టీరింగ్ పక్కన ఉంటుంది. కడ్డీ కింద నేలలోంచి లేచి ఉంటే సీట్ల మధ్య రేకును కోసి ఉండాలి. కార్పెట్ ఎత్తి కోత, వెల్డింగ్ కోసం చూడాలి. స్టీరింగ్ కాలమ్ మీద పాత కడ్డీ బిగించిన చోటు ఖాళీగా మిగిలి ఉంటుంది. వేరే గేర్‌బాక్స్ పొడవు సరిగ్గా సరిపోవడం అరుదు కనుక ప్రొపెల్లర్ షాఫ్ట్‌ను కోసో, అతికో ఉంటారు. ఆ అతుకు కారు కిందికి దూరితే కనిపిస్తుంది. గేర్‌బాక్స్ మారినప్పుడు స్పీడోమీటర్ కేబుల్ తిరిగే పళ్లచక్రం లెక్క తప్పి, ముల్లు అబద్ధం చెప్పడం కూడా మామూలే.

నడిపి చూసినా కొంత తెలుస్తుంది. ఆ పాత గేర్‌బాక్స్‌లో మొదటి గేరుకు సింక్రోమెష్ లేదు. బండి కదులుతుండగా మొదటి గేరు వేయబోతే పళ్లు నూరుతుంది. వెన్నలా పడిందంటే కింద ఉన్నది వేరే పెట్టె అని అనుమానించవచ్చు.

అడవులు, గనులు ఉన్న ఈ ప్రాంతంలో కారు కంటే జీపుదే ఎక్కువ పెత్తనం. దాని లెక్క ఇంకా తికమకగా ఉంటుంది. రెండో ప్రపంచయుద్ధం నాటి జీపుల్ని విల్లీస్ 'ఎంబీ' పేరుతో, ఫోర్డ్ 'జీపీడబ్ల్యూ' పేరుతో తయారు చేశాయి. ఇంజన్ నంబరుకు ముందు ఆ అక్షరాలే ఉంటాయి. ఫ్రేము ముందు అడ్డుపట్టీ గొట్టంలా ఉంటే విల్లీస్, తిరగేసిన తొట్టిలా ఉంటే ఫోర్డ్. ఆ జీపుల్లో ఉన్నది టీ-84 గేర్‌బాక్స్. యుద్ధం తర్వాతి పౌర జీపుల్లోకి అంతకంటే దృఢమైన టీ-90 వచ్చింది. యుద్ధకాలపు ఇంజన్‌లో టైమింగ్ చెయిన్ ఉండేది, తర్వాతి వాటిలో చెయిన్ పోయి పళ్లచక్రాలు వచ్చాయి. అంటే 1944 జీపులో టీ-90 ఉంటే అది తర్వాత చేరిందే. కానీ ఆ రోజుల్లో సైన్యపు డిపోలే ఫోర్డ్ ఇంజన్‌ను విల్లీస్ ఫ్రేములో వేసి పంపేవి. అలాంటి జీపును అసలుది కాదనడం న్యాయమా? 1949 నుంచి ముంబయిలోని మజ్‌గావ్‌లో మహీంద్రా బిగించిన విల్లీస్‌లకు, వాటి తర్వాతి పెట్రోలు జీపులకు కూడా డీజిల్ ఇంజన్లు మార్చినవాళ్లు ఎందరో.

కోర్టు చెప్పిన తీర్పు

ఈ చర్చ ఒకసారి లండన్ హైకోర్టు దాకా వెళ్లింది. 1929లోనూ, 1930లోనూ లె మాన్స్ 24 గంటల పందెం గెలిచిన బెంట్లీ స్పీడ్ సిక్స్ 'ఓల్డ్ నంబర్ వన్'ను దాని యజమాని సుమారు కోటి పౌండ్లకు అమ్మజూపాడు. అది అసలు కారే కాదంటూ కొనేవాళ్లు వెనక్కి తగ్గారు. 1990లో జస్టిస్ ఆటన్ విచారిస్తే తేలిందేమిటంటే, గెలిచిన నాటి కారులో మిగిలింది దాదాపు శూన్యం. 1930 నాటి భాగాల్లో గేర్‌బాక్స్ పైపెంకు లాంటివి మాత్రమే ఉన్నాయి. అయినా అమ్మినవాడే గెలిచాడు. ఆ కారు ఎన్నడూ ముక్కలై మాయమవలేదని, ప్రతి మార్పుతోనూ దాని చరిత్ర తెగకుండా సాగిందని, కాబట్టి ఆ పేరు దానిదేనని న్యాయమూర్తి భావించారు.

బస్తర్ దసరాకు జగ్దల్‌పూర్‌లో ఏటా కొత్త కలపతో రథం కడతారు. అది అసలు రథమేనా అని ఎవరూ అడగరు, ఎవరు కట్టాలో, ఎలా కట్టాలో తరతరాలుగా తెలుసు కనుక. కారుకు అలాంటి ఆనవాయితీ లేదు. దానికి ఉండాల్సింది రాత. ఏ భాగం, ఎప్పుడు, ఎందుకు మారిందన్న రాత. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా రూపొందించిన ట్యురిన్ చార్టర్ కూడా ఇదే చెబుతుంది: ఉన్నదాన్ని కాపాడండి, మార్చక తప్పకపోతే రాసిపెట్టండి, మళ్లీ వెనక్కి మార్చుకునే వీలుంచండి.

మన నిబంధన దగ్గర లోటు ఇక్కడే. 'మూలరూపం' అని చెప్పింది గానీ అది సరైన రకమా, అదే వస్తువా అన్నది విడమరచి చెప్పలేదు. పాడైన బీ-సిరీస్ తీసి ఇంకో బీ-సిరీస్ వేసి, ఆర్‌సీలో ఎక్కించుకున్న యజమానినీ, డీజిల్ వేసి చెప్పకుండా తిరిగిన యజమానినీ ఒకే గాటన కట్టే ప్రమాదం ఉంది. అంతకంటే పెద్ద ప్రమాదం ఇంకొకటి. నంబరు కలిస్తేనే గౌరవం దక్కుతుందంటే, కలవని నంబరును కలిపేసే సుత్తి, పంచ్‌లకు గిరాకీ పెరుగుతుంది. దొంగ నంబరు కొట్టిన ఇంజన్ మోసం కిందికి వస్తుంది. పైగా ఆ కారు చరిత్రలో నిజమైన పేజీని కూడా చింపేస్తుంది. మారిన ఇంజన్‌ను మారినట్టే చూపి, కారణం రాసిన కాగితం జతచేస్తే దాన్ని ఒప్పుకునే పద్ధతి కమిటీలకు ఉండాలి.

అప్పటిదాకా యజమాని చేతిలో ఉన్నవి చిన్న పనులే. నంబర్లన్నిటినీ శుభ్రంగా తుడిచి, గీకకుండా, ఫొటోలు తీసి పెట్టుకోవాలి. పాత ఆర్‌సీ, బిల్లులు, షెడ్డువాళ్ల రసీదులు ఒక చోట చేర్చాలి. డీజిల్ వేయించినప్పుడు తీసేసిన పెట్రోలు ఇంజన్, దాని గేర్‌బాక్స్ పెరట్లో టార్పాలిన్ కింద ఇంకా పడి ఉంటే, అవి ఎంత తుప్పు పట్టినా, తూకానికి వేయకూడదు.